డబ్బా మీద 40 గంటలు, చెవిలో గంట కూడా రావడం లేదు: ఇయర్‌బడ్స్ బ్యాటరీ గురించి సాయం కావాలి

ఖమ్మం లెక్కల టీచర్ | మే 4, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. పొద్దున కాలేజీ, సాయంత్రం 5:30 నుంచి 9 వరకు ఆన్‌లైన్ క్లాసులు. ఇంట్లో అత్తయ్యగారికి ఒంట్లో బాగుండదు కాబట్టి స్పీకర్ పెట్టుకునే వీలు లేదు. అందుకే 14 నెలల క్రితం వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొనుక్కున్నాను.

కొత్తలో క్లాసు మొత్తానికి, అంటే మూడున్నర గంటలకి, సరిగ్గా సరిపోయేవి. ఇప్పుడు కుడివైపుది 50 నిమిషాలకే ఆగిపోతోంది. ఎడమది రెండుంపావు గంటలు వస్తోంది. నిన్న సమాకలనం చెబుతుండగా మధ్యలో ఆగిపోయింది, పిల్లలు అడిగే డౌట్లు నాకు వినపడలేదు. రోజూ క్లాసు మొదలయ్యే ముందు ఇదే టెన్షన్.

డబ్బా మీద మాత్రం కేస్‌తో కలిపి 40 గంటలు అని ఉంది. బ్యాటరీలో పట్టే ఛార్జ్ బడ్ ఒక్కోటికి 35 ఎంఏహెచ్, ఛార్జింగ్ కేస్‌కి 400 ఎంఏహెచ్, ఒకసారి ఛార్జ్ చేస్తే 6 గంటలు అని రాశారు. వారంటీ అయిపోయింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే చూడకుండానే కొత్తవి కొనుక్కోమన్నారు. నిజంగా పడేయాల్సిందేనా? నేను ఛార్జింగ్ పెట్టే పద్ధతిలో ఏమైనా తప్పుందా?

రాత్రి డ్యూటీ | మే 4, రాత్రి 9:47

మేడమ్, నాదీ ఇదే పరిస్థితి. ఆన్సర్ల కోసం ఫాలో అవుతున్నా.

పాత రేడియో | మే 4, రాత్రి 10:15

టీచర్ గారూ, బ్యాటరీని పూర్తిగా సున్నాకి దింపి, మళ్లీ 100 దాకా ఎక్కించండి. అలా నెలకి మూడు నాలుగు సార్లు చేస్తే పుంజుకుంటుంది. నేను ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నది ఇదే.

జగదీశ్ మార్కెట్ రిపేర్ | మే 4, రాత్రి 11:30

పెద్దాయన చెప్పింది నికెల్ కాడ్మియం బ్యాటరీలకి పనికొచ్చే సలహా. అప్పట్లో కార్డ్‌లెస్ ఫోన్లలో, షేవర్లలో అవే ఉండేవి, సగం వాడి మళ్లీ ఛార్జ్ చేస్తే మొండికేసేవి. ఇయర్‌బడ్స్‌లో ఉండేది లిథియం అయాన్. దీన్ని సున్నాకి దింపితే మేలు జరగదు సరికదా, ఇంత చిన్న సెల్ పదే పదే పూర్తిగా అడుగంటితే ఇంకా త్వరగా అరిగిపోతుంది. అన్నగారూ, ఏమీ అనుకోవద్దు.

నేను అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పదకొండేళ్లుగా ఫోన్లు, బడ్స్ రిపేర్ చేస్తున్నాను. "బ్యాటరీ పోయింది" అని తెచ్చే వాటిలో చాలావాటికి అసలు జబ్బు బ్యాటరీ కాదు, మట్టి. మేడమ్, కొనే ముందు నాలుగు విషయాలు చూసి చెప్పండి.

రాత్రి బడ్స్ రెండూ కేస్‌లో పెట్టి మూత వేసి, పొద్దున చెవిలో పెట్టుకున్న వెంటనే ఫోన్‌లో దేనికి ఎంత శాతం చూపిస్తోంది? మూత వేశాక కూడా కుడి బడ్ ఫోన్‌కి కనెక్ట్ అయ్యే ఉంటోందా? కేస్ లోపల, బడ్ కూర్చునే గుంతలో చిన్న బంగారు రంగు పిన్నులు ఉంటాయి, వాటిని పోగో పిన్నులు అంటాం. వాటి మీద నల్లగా గానీ, పచ్చగా గానీ ఏమైనా పేరుకుందా? చివరిది, పగటిపూట కేస్‌ని ఎక్కడ పెడతారు?

ఖమ్మం లెక్కల టీచర్ | మే 5, ఉదయం 6:50

ఇప్పుడే చూశాను. ఎడమ 100, కుడి 60! ఇన్నాళ్లూ ఇది గమనించనే లేదు. మూత వేసినా కుడిది ఫోన్ లిస్టులో కనెక్టెడ్ అనే ఉంది. పిన్నుల మీద కుడివైపు ఏదో జిడ్డులాంటి పొర కనిపిస్తోంది.

కేస్ పగలంతా స్కూటీ డిక్కీలోనే ఉంటుంది. 9 నుంచి 4 వరకు స్కూటీ కాలేజీ ఆవరణలో ఎండలో ఉంటుంది. అది కూడా కారణమా?

పల్నాడు ఎండ | మే 5, ఉదయం 7:25

అమ్మో, డిక్కీలోనా? అక్కా, మాది రెంటచింతల. ఎండాకాలం వస్తే మా ఊరి పేరు ఉష్ణోగ్రతల వార్తల్లో వస్తుంది. పోయినేడాది నా బడ్స్ కూడా బండి డిక్కీలోనే ఉండేవి. ఏప్రిల్, మే రెండు నెలలకే ఐదు గంటలు కాస్తా మూడయ్యాయి. బయట 44 డిగ్రీలుంటే మూసిన డిక్కీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. మధ్యాహ్నం సీటు మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. వాటిని దయచేసి హ్యాండ్‌బ్యాగ్‌లోకి మార్చండి.

సెల్ కెమిస్ట్రీ | మే 5, ఉదయం 9:10

పల్నాడు తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను హైదరాబాద్‌లో బ్యాటరీ ప్యాక్‌ల టెస్టింగ్ పనిలో ఉన్నాను. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

లిథియం సెల్‌కి రెండు రకాల వయసు ఉంటుంది. ఎన్నిసార్లు ఛార్జ్ చేసి వాడామన్నది ఒకటి. వాడినా వాడకపోయినా కాలంతో పాటు పెరిగేది రెండోది. సెల్ లోపల నెగటివ్ వైపున ఒక సన్నని పొర పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగే కొద్దీ పనికొచ్చే లిథియం ఆ పొరలోనే ఇరుక్కుపోతుంది. వేడి ఎక్కువైనా, సెల్ నిండుగా ఉన్నా ఆ పొర వేగంగా పెరుగుతుంది. రెండూ ఒకేసారి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

బ్యాటరీ యూనివర్సిటీ అనే సైట్‌లో ఒక పట్టిక ఉంది, మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ముందు అదే చూపిస్తాం. సెల్‌ని 40 శాతం ఛార్జ్‌తో 25 డిగ్రీల దగ్గర ఒక ఏడాది ఊరికే ఉంచితే కెపాసిటీ 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో 100 శాతం ఛార్జ్‌తో ఉంచితే 80. 40 డిగ్రీల్లో 100 శాతంతో ఉంచితే 65. అంటే ఒక్క పాట వినకపోయినా మూడో వంతు పోయినట్టే.

ఇప్పుడు బడ్స్ సంగతి చూడండి. కేస్‌లో పెట్టిన ప్రతిసారీ అవి మళ్లీ నిండుతాయి. ఫోన్ అయితే రోజంతా 80, 50, 30 అంటూ దిగుతుంది. బడ్ మాత్రం చెవిలో లేనంతసేపూ నిండుగా కూర్చుంటుంది. మీ విషయంలో అది ఎండలో కూడా కూర్చుంది. 2020లో యాపిల్ కంపెనీ ఐఓఎస్ 14తో పాటు తన ఎయిర్‌పాడ్స్ ప్రో బడ్స్‌కి 80 దగ్గర ఆగి, అవసరమైనప్పుడు మిగతాది ఎక్కించే పద్ధతి తెచ్చింది ఇందుకే. మీ బడ్స్ యాప్‌లో అలాంటి సెట్టింగ్ ఉందేమో చూడండి, ఉంటే వెంటనే ఆన్ చేయండి.

ఖమ్మం లెక్కల టీచర్ | మే 5, మధ్యాహ్నం 1:05

చాలా థ్యాంక్స్ అండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఈ రోజు కేస్ నా బ్యాగ్‌లోనే ఉంది, స్టాఫ్ రూమ్‌లో ఫ్యాన్ కింద.

ఒక లెక్క మాత్రం నన్ను వదలడం లేదు. 40 గంటలని 6తో భాగిస్తే 6.67. అందులో మొదటి ఛార్జ్ బడ్స్‌లోనే ఉంటుంది కాబట్టి కేస్ నుంచి రావాల్సింది 5.67 సార్లు. రెండు బడ్స్‌కి కలిపి 70 ఎంఏహెచ్. 5.67 ఇంటూ 70 అంటే 397. కేస్ సరిగ్గా 400! అంటే కేస్‌లోని కరెంట్‌లో ఒక్క చుక్క కూడా వృథా కాకుండా బడ్స్‌లోకి పోతేనే ఈ 40 వస్తుంది. అలా జరుగుతుందా?

సెల్ కెమిస్ట్రీ | మే 5, మధ్యాహ్నం 1:40

మేడమ్, మీ పిల్లలు అదృష్టవంతులు. జరగదు. కేస్‌లోని సెల్ 3.7 వోల్ట్‌లు. చాలా కేస్‌లు దాన్ని 5 వోల్ట్‌లకి పెంచి బడ్‌కి ఇస్తాయి, బడ్ మళ్లీ దాన్ని తగ్గించి తన సెల్‌కి ఎక్కించుకుంటుంది. ఈ పెంచడం, తగ్గించడంలో కొంత వేడిగా పోతుంది. వాడకంలో నాలుగు, నాలుగున్నర సార్లు నిండితే మంచి కేస్ అనుకోవచ్చు. డబ్బా మీద 40 అన్నది కాగితం మీద లెక్క.

ఇంకో సంగతి. ఆ 6 గంటలు పాటలకి, సగం వాల్యూమ్‌లో, బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేసినప్పటి మాట. మీరు చేసేది కాల్. కాల్‌లో మైకులు పనిచేస్తాయి, మాట రెండు వైపులా వెళ్తుంది, మాటని శుభ్రం చేసే లెక్కలు లోపలి చిప్ చేస్తూనే ఉంటుంది. రెండో తరం ఎయిర్‌పాడ్స్‌కి యాపిల్ కంపెనీయే పాటలకి 5 గంటలు, మాటలకి 3 గంటలు అని విడిగా రాసింది. అదే నిష్పత్తిలో మీ 6 గంటలు 3.6 అవుతాయి. మీకు కొత్తలో మూడున్నర వచ్చిందన్నారు కదా, మీ బడ్స్ అప్పుడు బాగానే పనిచేశాయి.

రాత్రి డ్యూటీ | మే 5, సాయంత్రం 4:30

నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతాను, ఏమనుకోకండి. నేను గచ్చిబౌలిలో రాత్రి షిఫ్ట్. ఈ మధ్య ల్యాప్‌టాప్ ఛార్జర్‌తో, రెండు వైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌తో కేస్‌ని ఛార్జింగ్ పెడితే లైటే వెలగడం లేదు. ఇంటికెళ్లి పాత ఫోన్ ఛార్జర్‌తో పెడితే ఎక్కుతోంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పవర్ ఎక్కువై కేస్ కాలిపోతుందేమో అని కూడా భయంగా ఉంది.

జగదీశ్ మార్కెట్ రిపేర్ | మే 5, సాయంత్రం 5:15

కాలిపోదు తమ్ముడూ, ఆ భయం వద్దు. 67 వాట్ల ఛార్జరైనా, 100 వాట్ల ఛార్జరైనా అవతలి వస్తువు అడిగితే తప్ప 5 వోల్ట్‌లు దాటదు. ఎంత కరెంట్ తీసుకోవాలో కేస్ తేల్చుకుంటుంది, ఛార్జర్ నెట్టదు.

లైటు వెలగకపోవడానికి కారణం వేరే. రెండు వైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌లో, ఇటువైపు ఒక వస్తువు ఉందని ఛార్జర్‌కి తెలియాలంటే కేస్ సాకెట్ దగ్గర 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. కొన్ని చవక కేస్‌లలో ఆ చిన్న ముక్కలు మిగుల్చుకుంటారు. అవి లేకపోతే ఛార్జర్ అసలు కరెంట్ వదలదు. పాత వెడల్పు యూఎస్‌బీ ఛార్జర్ అలా అడగదు, ఎప్పుడూ 5 వోల్ట్‌లు ఇస్తూనే ఉంటుంది. ఒకవైపు వెడల్పు పిన్, ఇంకోవైపు టైప్ సీ ఉన్న కేబుల్ వాడు, సమస్య తీరిపోతుంది.

జిమ్ బ్యాచ్ | మే 5, సాయంత్రం 6:02

పవర్ బ్యాంక్‌తో పెడితే నాది అరగంటకే ఆగిపోతుంది. అది కూడా ఇదేనా?

జగదీశ్ మార్కెట్ రిపేర్ | మే 5, సాయంత్రం 6:10

కాదు. కేస్ తీసుకునే కరెంట్ చాలా తక్కువ, నిండే కొద్దీ ఇంకా తగ్గిపోతుంది. పవర్ బ్యాంక్ ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతుంది. కొన్ని పవర్ బ్యాంకులకి తక్కువ కరెంట్ మోడ్ ఉంటుంది, బటన్ రెండుసార్లు నొక్కితే ఆన్ అవుతుంది. నీ దాని కాగితంలో చూడు.

నువ్వు జిమ్‌లో వాడతావు కాబట్టి ఒక్క మాట. చెమటతో ఉన్న బడ్‌ని అలాగే కేస్‌లో పెట్టకు. తుడిచి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి పెట్టు. ఐపీఎక్స్4, అంటే నీటి తుంపర్లు తట్టుకుంటుంది అని రాసింది చాలావరకు బడ్స్‌కే, కేస్‌కి కాదు. చెమటలో ఉప్పు, పైగా ఛార్జింగ్ కరెంట్, రెండూ కలిస్తే పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. నా దగ్గరికొచ్చే జిమ్ కుర్రాళ్ల బడ్స్ సగం ఇలాంటివే.

మిన్నెసోటా మంచు | మే 6, ఉదయం 5:45

ఎండ గురించి చదువుతుంటే మా దగ్గర రివర్స్ అనిపించింది. జనవరిలో మైనస్ 20లో బస్సు కోసం నిలబడితే 40 శాతం ఉన్న బడ్ ఠక్కున ఆగిపోతుంది. ఇంట్లోకి వచ్చి పది నిమిషాలయ్యాక మళ్లీ 30 చూపిస్తుంది. మొదటి చలికాలం ఇవి పాడయ్యాయనుకుని అమ్మ చేత ఇండియా నుంచి కొత్త జత పంపించుకున్నాను, అనవసరంగా. ఇక్కడున్న మనవాళ్లు ఎవరైనా చదువుతుంటే తొందరపడి కొనకండి.

సెల్ కెమిస్ట్రీ | మే 6, ఉదయం 9:20

చలికి సెల్ లోపలి ద్రవంలో కదలిక మందగిస్తుంది, వెచ్చబడితే తిరిగి వస్తుంది. శాశ్వత నష్టం కాదు. కానీ గడ్డకట్టే చలిలో ఉన్న బడ్స్‌ని వెంటనే ఛార్జింగ్ పెట్టకండి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం లోపలికి వెళ్లకుండా పైనే లోహంలా పేరుకుంటుంది. ఆ నష్టం మాత్రం తిరిగి రాదు. గది వేడికి వచ్చాక పెట్టండి.

పాత రేడియో | మే 6, ఉదయం 10:40

నికెల్ కాడ్మియం సంగతి చెప్పినందుకు రిపేర్ తమ్ముడికి ధన్యవాదాలు. నా దగ్గరున్న బడ్స్‌ని నేను ప్రతివారం సున్నాకి దింపుతున్నాను, నిన్నటి నుంచి ఆపేశాను. మనవడు ఇచ్చిన బడ్స్ అవి. భక్తి పాటలు వినడానికి రోజూ కావాలి.

నాకు ఇంకో సందేహం. ఫోన్‌లో 70 అని ఉంటుంది, కాసేపటికి ఒక్కసారిగా 60 అవుతుంది. మధ్యలో అంకెలేవీ రావు. ఇది బ్యాటరీ చెడిపోయిన గుర్తా?

సెల్ కెమిస్ట్రీ | మే 6, ఉదయం 11:15

కాదండీ, కంగారు పడకండి. చాలా బడ్స్ తమ ఛార్జ్‌ని ఫోన్‌కి 0 నుంచి 9 వరకు ఒక అంకెగా పంపుతాయి. ఫోన్ దాన్నే పదుల్లోకి మార్చి చూపిస్తుంది. కంపెనీ యాప్‌లో చూస్తే కొన్నిటికి కచ్చితమైన శాతం కనిపిస్తుంది. భక్తి పాటలు వింటుంటే నాయిస్ క్యాన్సిలేషన్ అవసరం లేదనుకుంటాను, ఆపేస్తే ఎక్కువసేపు వస్తుంది. ఎల్‌డాక్ ఆన్‌లో ఉంటే అది కూడా మామూలు దానికి మార్చండి. బ్లూటూత్‌లో పాటని ఎక్కువ నాణ్యతతో, సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపే పద్ధతి అది, బ్యాటరీ బాగా తాగుతుంది.

జగదీశ్ మార్కెట్ రిపేర్ | మే 6, రాత్రి 10:50

టీచర్ గారూ, శుభ్రం చేసే పద్ధతి రాస్తున్నాను. ముందు పొడి ఇయర్‌బడ్ పుల్లతో, అంటే దూది పుల్లతో, కేస్ గుంతలూ, బడ్ కింద ఉన్న చుక్కల్లాంటి రేకులూ తుడవండి. జిడ్డు పోకపోతే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది తడి అయ్యీ కానట్టు అద్ది రుద్దండి. మొబైల్ పార్టుల షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిగురు మిగిలిపోతుంది. గుండుసూది, బ్లేడు అసలే వద్దు. పిన్ను మీది పూత పోతే ఆ తర్వాత తుప్పే. పిన్నుని మెల్లగా నొక్కి వదలండి, స్ప్రింగ్‌లా పైకి రావాలి. పది నిమిషాలు ఆరాక బడ్స్ పెట్టి చూడండి.

కుడి బడ్‌కి జరుగుతున్నది నాకు అర్థమైంది. పిన్ను సరిగ్గా తగలకపోతే తను కేస్‌లో ఉన్నానని బడ్‌కి తెలియదు. ఆగదు, రాత్రంతా ఫోన్‌కి అతుక్కునే ఉంటుంది, ఉన్న ఛార్జ్ కూడా ఖర్చు చేస్తుంది.

ఖమ్మం లెక్కల టీచర్ | మే 10, రాత్రి 9:35

నాలుగు రోజులు పరీక్షించి రాస్తున్నాను.

తుడవగానే మూత వేస్తే కుడిది డిస్‌కనెక్ట్ అయింది. ఆ రాత్రి పెడితే పొద్దునకి రెండూ 100. దూది మీద వచ్చిన నలుపు చూసి నాకే ఆశ్చర్యం వేసింది. కాల్‌లో కుడిది మొదటిరోజు గంటా 50 నిమిషాలు, తర్వాత మూడు రోజులూ గంటా 55 నిమిషాలకి కాస్త అటూ ఇటూగా వచ్చింది. ఎడమది అదే రెండుంపావు.

అంటే 50 నిమిషాల జబ్బు పోయింది. కానీ కొత్తలో 210 నిమిషాలు, ఇప్పుడు మంచిగా ఉన్న ఎడమది 135 నిమిషాలు. భాగిస్తే 64 శాతం. పట్టికలో ఏడాదికి 65 అని రాశారు. నావి 14 నెలలు, పైగా రోజూ వాడాను, కాబట్టి ఒక్క ఉదాహరణతో ఇదే కారణమని తేల్చి చెప్పను. అయినా ఆ అంకె చూశాక డిక్కీ మూత తీయాలంటే బాధగా ఉంది.

ప్రస్తుతం ఒక బడ్‌తో క్లాసు మొదలుపెట్టి, ఇంకోటి కేస్‌లో ఉంచుతున్నాను. బీప్ రాగానే మారుస్తున్నాను. క్లాసు ఆగకుండా పూర్తవుతోంది. నాలుగు రోజులుగా ఏ పిల్లవాడి డౌటూ మిస్ కాలేదు.

రిపేర్ అన్నగారూ, సెల్ మార్చడం కుదురుతుందా? జూన్‌లో హైదరాబాద్ వస్తున్నాను.

పల్నాడు ఎండ | మే 10, రాత్రి 9:50

సూపర్ అక్కా! నేను కూడా ఇప్పుడే దూది పుల్ల తీశాను.

జిమ్ బ్యాచ్ | మే 10, రాత్రి 10:05

సెల్ మార్చడం యూట్యూబ్‌లో చూశాను, ఈజీగానే ఉంది. ఇంట్లోనే చేసుకోవచ్చుగా మేడమ్.

జగదీశ్ మార్కెట్ రిపేర్ | మే 10, రాత్రి 11:20

తమ్ముడూ, దయచేసి అలా చెప్పకు. చొక్కా గుండీ అంత సెల్ అయినా అది లిథియమే. దాని మీద నేరుగా సోల్డరింగ్ గన్ పెడితే లోపలి పొర కరిగి షార్ట్ అవుతుంది. మేము ముందే రేకు అతికించి వచ్చే సెల్‌లు తెప్పించి, ఆ రేకుకే సోల్డర్ చేస్తాం. రెండోది వోల్టేజ్. కొన్ని సెల్‌లు 4.2 దగ్గర నిండుతాయి, కొన్ని 4.35 దగ్గర. 4.35 ఇచ్చే బడ్‌లో 4.2 సెల్ వేస్తే అది రోజూ మోతాదు మించి ఛార్జ్ అవుతుంది. అది చెవిలో ఉండే వస్తువు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

మేడమ్, మీ మోడల్ పేరు నాకు మెసేజ్ చేయండి. కొన్ని బడ్స్ గుల్ల జిగురుతో మూసి ఉంటుంది, తెరిస్తే మళ్లీ అంత బిగుతుగా మూయలేం, నీళ్లు తట్టుకునే గుణం పోతుంది. అది ముందే తెలుసుకుని నిర్ణయించుకోండి. సెల్ మీద 1254 లాంటి అంకె ఉంటుంది, 12 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మందం అని అర్థం. ఆ సైజుది, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్నది దొరికితేనే చేస్తాను. లేకపోతే చేయనని చెప్పేస్తాను.

మిన్నెసోటా మంచు | మే 11, ఉదయం 6:10

యూరప్‌లో ఇది మారబోతోంది. 2023 నాటి బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీ వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి, కొన్ని మినహాయింపులున్నాయి. ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ వాళ్లు 2024లోనే బడ్స్‌లోనూ, కేస్‌లోనూ బ్యాటరీ మార్చుకునే వీలున్న మోడల్ తెచ్చారు. మన దేశంలో కూడా ఇలాంటివి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఖమ్మం లెక్కల టీచర్ | మే 11, ఉదయం 8:15

మోడల్ పేరు మెసేజ్ పెట్టాను అన్నగారూ. నీళ్లు తట్టుకోకపోయినా పర్వాలేదు, నేను ఇంట్లో కూర్చునే వాడతాను. వచ్చేటప్పుడు ఫుల్ ఛార్జ్ చేసి తీసుకురావాలా?

జగదీశ్ మార్కెట్ రిపేర్ | మే 11, ఉదయం 8:40

వద్దమ్మా. రెండు బడ్స్‌నీ 20 శాతం కిందికి వాడి, కేస్‌లో కాకుండా విడిగా ఒక చిన్న కవర్లో వేసుకుని తీసుకురండి. గుల్ల తెరిచేటప్పుడు పొరపాటున సెల్‌కి గీత పడినా, ఛార్జ్ తక్కువగా ఉంటే ప్రమాదం తక్కువ. కేస్ కూడా తెచ్చుకోండి, పిన్నులు ఒకసారి నేనే చూస్తాను. ఆదివారం షాపు ఉండదు.